నుక్స్ పొయ్యిది, కసూర్ దుల్హన్‌దా?



ఉర్దూలో రెండు మాటలున్నాయి. ఒకటి నుక్స్, రెండోది కసూర్. వస్తువులో ఉండే లోపం నుక్స్. మనిషి చేసిన తప్పు కసూర్. తెలుగులో చాలాసార్లు రెండింటికీ 'తప్పు' అనే మాటే వాడేస్తాం. మాట ఒకటైతే పర్వాలేదు. ఫైసలా కూడా ఒకటే అయిపోతే అది జులుమ్. మన బావర్చీఖానాల్లో జరిగేది అదే. నుక్స్ పొయ్యిలో ఉంటుంది, ఇల్జామ్ మాత్రం పొయ్యి ముందు నిలబడిన మనిషి మీద పడుతుంది.

కర్నూలు పాతబస్తీలో కానీ, కడపలో కానీ ఒక మామూలు ఇల్లు తీసుకోండి. నలభై రోజులు వచ్చే సిలిండర్ ఉన్నట్టుండి ఇరవై ఎనిమిది రోజులకే అయిపోతుంది. గిన్నెల అడుగు నల్లబడుతుంది. దాల్చా ఎంతసేపు పెట్టినా పప్పు మెదగదు. అప్పుడు ఇంట్లో వినిపించే మాటలు మీకు తెలియనివి కావు. "దుల్హన్ చేతిలో బర్కత్ లేదు." "పొయ్యి వెలిగించి ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది." "మా జమానాలో ఒక సిలిండర్ రెండు నెలలు వచ్చేది." మామకు గుస్సా, సాస్‌కు సణుగుడు, షౌహర్‌కు ఖామోషీ. నడుం వంచి పొయ్యి కింద ఏముందో చూసేవాళ్ళు మాత్రం ఒక్కరూ ఉండరు.

నా రాయ్ సూటిగా చెప్తాను. గ్యాస్ పొయ్యి తన జబ్బును తానే చెప్పుకుంటుంది. దాని మాట వినడం నేర్చుకోవడం ఇంట్లో అందరి జిమ్మేదారీ, వంటింట్లోకి రాకుండానే ఫైసలా చెప్పే మగవాళ్ళకు ఇంకా ఎక్కువ. ఎవరైనా ఒక ఖబర్ తెస్తే ముందు తహ్‌కీక్ చేసుకోండి, తెలియకుండా ఎవరికీ నష్టం చేయకండి అనే హిదాయత్ సూరె హుజురాత్‌లో ఉంది. ఆ హిదాయత్ బజారు పుకార్లకే, వంటింటి పుకార్లకు కాదని ఎవరు చెప్పారు?

సరే, తహ్‌కీక్ ఎలా చేయాలి? ముందు మంట రంగు చూడండి. మన సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిపిన గ్యాస్. నాబ్ తిప్పగానే అది బర్నర్ కింద ఉన్న చిన్న ఇత్తడి జెట్ కంతలోంచి వేగంగా దూసుకొస్తుంది. ఆ ఊపులో పక్కనున్న సందుల్లోంచి గాలిని తనతో పాటు లాక్కుపోతుంది. గాలి సరిపడా కలిస్తే మంట నీలంగా, పొట్టిగా, నిలకడగా ఉంటుంది. గాలి తక్కువైతే పసుపుపచ్చగా, పొడుగ్గా, ఊగుతూ ఉంటుంది, గిన్నెకు మసి పడుతుంది. మసి అంటే కాలకుండా మిగిలిన కార్బన్. అంటే మీరు పైసలు పెట్టి కొన్న గ్యాసే కొంత గిన్నె అడుగున నల్లగా అతుక్కుని ఉందన్నమాట. దాన్ని పీచుతో తోమి తోమి చేతులు కాయలు కాసేది ఎవరికో, ఫిజూల్ ఖర్చు అనే ఇల్జామ్ మోసేది ఎవరో చెప్పక్కర్లేదు.

ఇంటి గ్యాస్ పొయ్యి కాల్చిన గ్యాస్ వేడిలో కనీసం 68 శాతం గిన్నెకు చేరాలని ఐఎస్ఐ ప్రమాణం చెప్తుంది. ఆ లెక్క పొయ్యి కొత్తగా, శుభ్రంగా ఉన్నప్పటిది. పాలు పొంగి బర్నర్ కంతలు సగం మూసుకుపోయిన పొయ్యిని, గాలి గొట్టంలో మసాలా పొడి, బొద్దింక పిల్లలు చేరిన పొయ్యిని అదే లెక్క అడిగితే అదెక్కడిస్తుంది? ఇంకొక్క సంగతి. ఇల్లు ఊడ్చేటప్పుడో, ఉప్పు చిందినప్పుడో మంటలో నారింజ రంగు మెరుపులు కనబడి పోతుంటాయి. అది దుమ్ము కాలడం, భయపడక్కర్లేదు. మన రాయలసీమలో దుమ్ముకు కరువా! పోకుండా నిలిచే పసుపు మంటే అసలు షికాయత్.

రెండోది, గవాహీ. మీ పొయ్యికి రెండు బర్నర్లుంటే ఇద్దరు గవాహులు ఉన్నట్టే. ఒక బర్నర్ బాగా మండి, రెండోది మండకపోతే సిలిండర్‌కు, రెగ్యులేటర్‌కు సంబంధం లేదు. నుక్స్ ఆ బర్నర్‌లోనో, దాని జెట్‌లోనో, నాబ్‌లోనో ఉంది. రెండూ ఒకేసారి నీరసంగా మండుతుంటే అనుమానం వెనక్కి పోవాలి. పైపు ఎక్కడైనా మడత పడిందా? రెగ్యులేటర్ పాడైందా? సిలిండర్ అయిపోవచ్చిందా? కొత్త సిలిండర్ పెట్టినా రెండూ అలాగే మండితే సిలిండర్ బేకసూర్, ఇక రెగ్యులేటర్‌నీ పైపునూ చూడాలి. మంట బర్నర్‌ను వదిలి పైకి లేస్తూ బుస్సుమంటుంటే గాలో, ప్రెషరో ఎక్కువైనట్టు. 'టప్' మని చప్పుడు చేసి మంట లోపలికి పోయి గొట్టంలో మండుతుంటే వెంటనే నాబ్ ఆపేసి, చల్లారాక బర్నర్ తీసి శుభ్రం చేసి సరిగ్గా కూర్చోబెట్టాలి. ఇందులో ఇంజనీరింగ్ డిగ్రీ అడిగేది ఏమీ లేదు.

ఇక మన గల్లీ మిస్త్రీల సంగతి. అందరూ ఒకటే కాదు, పని తెలిసినవాళ్ళూ ఉన్నారు. కానీ 'మంట పెద్దగా కావాలా ఆపా?' అని అడిగి, సూదో సన్నటి మేకో పెట్టి జెట్ కంత పెద్దది చేసి ఇచ్చేవాళ్ళు ఉన్నారే, వాళ్ళతో జాగ్రత్త. కంత పెద్దదైతే గ్యాస్ ఎక్కువొస్తుంది, దానికి సరిపడా గాలి రాదు. ఆ రోజు మంట పెద్దగా కనబడి అందరూ షాబాష్ అంటారు. తర్వాత గిన్నెలు నల్లబడతాయి, సిలిండర్ తొందరగా అయిపోతుంది. మళ్ళీ కోడలి చేతి బర్కత్ మీదే చర్చ. జెట్ మూసుకుపోతే అదే కొలత జెట్ కొత్తది వేయించాలి. చిన్న ఇత్తడి ముక్క, ధర కూడా చిన్నదే.

సిలిండర్ మీదే అనుమానం ఉంటే దానికీ తహ్‌కీక్ ఉంది. ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే రాసి ఉంటుంది. దానికి 14.2 కిలోలు కలపండి. 15.3 అని రాసి ఉంటే మొత్తం 29.5 కిలోలు తూగాలి. డెలివరీ అబ్బాయిని తూచి చూపించమని అడగడం గ్రాహకుల హక్కు, అది జగడం కాదు. అలాగే పైన ఉన్న పట్టీల్లో ఒకదాని లోపలి వైపు ఎ, బి, సి, డి అనే ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటి, పక్కన రెండంకెల సంవత్సరం ఉంటాయి. మూడేసి నెలలకు ఒక్కో అక్షరం. సి-27 అంటే 2027 సెప్టెంబర్ లోపల ఆ సిలిండర్‌కు మళ్ళీ పరీక్ష జరగాలని అర్థం. ఆ తారీఖు దాటిన సిలిండర్ తెస్తే వాపస్ పంపండి.

ఇంతవరకూ పైసల గురించి, మనసు నొప్పి గురించి మాట్లాడాను. ఇక జాన్ గురించి.

గ్యాస్‌కు సొంతంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలని కుళ్ళిన వాసన వచ్చే మెర్కాప్టన్ అనే రసాయనాన్ని కావాలనే కలుపుతారు. అంటే ఆ బద్బూ ఒక గవాహీ. దాన్ని ముందు పసిగట్టేది వంటింట్లో ఎక్కువసేపు ఉండే మనిషే. ఆమె 'వాసనొస్తోంది' అంటుంది. ఇంట్లో వాళ్ళు 'సిలిండర్ అయిపోవచ్చింది, అప్పుడలాగే వస్తుందిలే' అంటారు. సిలిండర్ అడుగంటే కొద్దీ వాసన కాస్త ఘాటుగా ఉండే మాట నిజమే. కానీ గ్యాస్ ఎక్కడో ఒకచోట బయటికి రాకపోతే ఎంత ఘాటైనదైనా మీ ముక్కుకు ఎలా చేరింది? వాసన వచ్చిందంటే లీక్ ఉన్నట్టే లెక్క. ఆమె గవాహీని వహమ్ అని కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు.

ఆ గవాహీని వినకపోతే ఏమవుతుందో మన రాష్ట్రం చూసింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున అప్పటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో గెయిల్ పైపులైను నుంచి లీకైన గ్యాస్ అంటుకుని 20 మందికి పైగా చనిపోయారు. టీ కొట్టు దగ్గర పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పట్లో వార్తలొచ్చాయి. లీక్ గురించి ముందే చెప్పాం, ఎవరూ పట్టించుకోలేదని ఊరివాళ్ళు వాపోయారు. అది పెద్ద పైపులైను, మనది చిన్న రబ్బరు పైపు. కానీ రెండుచోట్లా సవాల్ ఒక్కటే. ముందు చెప్పినవాళ్ళ మాట విన్నామా, లేదా?

మన ఇళ్ళ కట్టడం కూడా ఈ ఖతరాను పెంచుతుంది. వంటగ్యాస్ గాలికంటే బరువైనది. పైకి పోదు, నీళ్ళలాగా నేలమీద పరుచుకుంటుంది. గాలిలో సుమారు 2 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఒక లీటరు ద్రవం లీకైతే సుమారు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది. మన దగ్గరేమో కడప బండతో గట్టు కట్టి, దాని కింద చెక్క తలుపులు బిగించి, సిలిండర్‌ను అందులో దాచేస్తాం. చూపుకు ఖూబ్‌సూరత్‌గా ఉంటుంది. లీకైతే గ్యాస్ నిండడానికి అంతకంటే మంచి డబ్బా ఉండదు. గల్లీ వైపు కిటికీ ఉంటే పర్దా కోసం మూసేస్తాం, ఎండాకాలం వడగాలికి వెనక తలుపూ మూసేస్తాం. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అనుకుంటాం. గ్యాస్ కిందుంటే పైనున్న ఫ్యాన్ ఏం చేస్తుంది? పైగా వాసనొస్తున్నప్పుడు దాని స్విచ్ వేస్తే ఆ రవ్వే చాలు. పర్దా కావాలంటే కిటికీకి జాలీ పెట్టించండి, గట్టు కింది తలుపులకు కింద, పైన కంతలు పెట్టించండి. మన ఆడవాళ్ళ ఇజ్జత్‌కు గాలి దుష్మన్ కాదు.

లీక్ పరీక్షకు అగ్గిపుల్ల గీసి చూసే బహాదూర్లు ఇంకా ఉన్నారు. తౌబా. సబ్బు నీళ్ళ నురగ చాలు. రెగ్యులేటర్ చుట్టూ, పైపు రెండు కొసల దగ్గర రాయండి. బుడగలొస్తే లీక్. సిలిండర్ మూతిలో ఉండే చిన్న రబ్బరు వాషర్ అరిగిపోయినా, లేకపోయినా లీకవుతుంది. డెలివరీ అబ్బాయి ముందే అది చూసుకోవాలి. ఐఎస్ఐ మార్కు ఉన్న సురక్ష పైపే వాడాలి, దాన్ని కూడా ఐదేళ్ళలోపు మార్చాలి. వాసన గట్టిగా వస్తే ఏ స్విచ్చూ వేయకూడదు, వేసి ఉన్నది ఆపకూడదు. రెగ్యులేటర్ ఆపి, తీసి, సేఫ్టీ క్యాప్ పెట్టి, తలుపులూ కిటికీలూ తెరిచి, అందరినీ బయటికి పంపి, బయటినుంచే 1906కు ఫోన్ చేయాలి. ఈ నంబరు ఫ్రిజ్ మీద రాసి అతికించండి. మన ఇళ్ళల్లో ఉర్దూ మాత్రమే చదివే నానీలు, తెలుగు మాత్రమే చదివే బచ్చాలు ఇద్దరూ ఉంటారు. రెండు లిపుల్లోనూ రాయండి.

వాసన అసలే రాని ఖతరా ఇంకొకటుంది. అది గ్యాస్ గీజర్. గాలి చాలక గ్యాస్ సగం సగం కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మెర్కాప్టన్ కాలని గ్యాస్‌ను పట్టిస్తుంది కానీ, సగం కాలినదాన్ని పట్టించదు. ఈ విషవాయువు రక్తంలోని హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, మత్తు, తర్వాత స్పృహ పోవడం. కిటికీ లేని చిన్న గుసల్‌ఖానాలో గీజర్ లోపలే బిగించి తలుపు మూసుకుంటే కొద్ది నిమిషాలు చాలు. దేశంలో ఎన్నోచోట్ల ఇలా జాన్ పోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం.

మన ఇళ్ళల్లో ఎక్కువ ఖతరా ఎవరికి? చిల్లా నలభై రోజుల్లో ఉన్న బాలింతకు. చల్లగాలి తగలకూడదని అన్ని సందులూ మూసి వేణ్ణీళ్ళు పోస్తారు. తర్వాత మూసిన గదిలోనే బొగ్గుల కుంపటి పెట్టి సాంబ్రాణి వేస్తారు. బొగ్గు నిప్పుల్లోంచీ అదే విషవాయువు వస్తుంది. ఆమె 'తల తిరుగుతోంది' అంటే నజర్ తగిలిందని మిరపకాయలు తిప్పుతారు, రక్తం తక్కువని టానిక్ తెస్తారు. ముందు తలుపు తీయండి. ఆమెనూ బిడ్డనూ బయటి గాలిలోకి తీసుకురండి, తేరుకోకపోతే దవాఖానాకు పరుగెత్తండి. గీజర్‌ను గుసల్‌ఖానా బయట, గాలి ఆడేచోట పెట్టించి పైపుతో నీళ్ళు లోపలికి తీసుకోండి.

అమెరికాలో మన పిల్లలు ఉండే ఇళ్ళను వెచ్చబెట్టేది గ్యాస్ ఫర్నేస్. మంట వెలగకపోతే అందులోని సెన్సార్ గ్యాస్‌ను ఆపేస్తుంది. ఏ నుక్స్ వచ్చిందో ఒక చిన్న దీపం ఇన్నిసార్లని మిణికి చెప్తుంది. గోడకు కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉంటుంది. అక్కడ ఇల్లు చల్లబడితే ఎవరూ కోడలిని అనరు, ఆ దీపం ఎన్నిసార్లు మిణికిందో లెక్కపెడతారు. మన ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించే పొయ్యిల్లో ఆ సెన్సార్ లేదు. సెన్సార్ వండే మనిషి కన్ను, ముక్కు. అలారం ఆమె నోరు. ఆ నోరు మూయించడమంటే అలారం బ్యాటరీ పీకేయడమే.

జర్నలిస్టుగా మా పేషా గురించి కూడా ఒక మాట. 'గ్యాస్ సిలిండర్ పేలి' అని మేం అలవాటుగా రాసేస్తాం. చాలాసార్లు పేలింది సిలిండర్ కాదు, లీకై గదిలో నిండిన గ్యాస్. ఆ తేడా రాయకపోతే, చదివినవాళ్ళు సిలిండర్‌ను చూసి భయపడతారు, పైపును మాత్రం మార్చరు. దీనికి ఉల్టా ఇంకొకటుంది, అది ఇంకా చేదు. ఒక జమానాలో 'కిరోసిన్ స్టవ్ పేలి కోడలు మృతి' అనే వార్తలు ఎన్నొచ్చాయో పెద్దవాళ్ళకు గుర్తుంటుంది. వాటిలో కొన్నిచోట్ల కసూర్ మనుషులది, నెపం మాత్రం స్టవ్‌ది. జహేజ్ చావుల మీద 1986లో ఐపీసీలో 304బి సెక్షన్ తేవాల్సి వచ్చింది ఊరికే కాదు. పొయ్యి నుక్స్‌ను ఆడదాని కసూర్ చేయడం, మనుషుల కసూర్‌ను పొయ్యి నుక్స్ చేయడం, ఈ రెండింటికీ వేరు ఒకటే. ఆ ఇంట్లో ఆమె మాటకు విలువ లేకపోవడం.

బుఖారీ, ముస్లిం రెండు సహీహ్‌లలోనూ ఒక రివాయత్ ఉంది. ఒక రాత్రి మదీనాలో ఒక ఇల్లు ఇంట్లోవాళ్ళ మీదే కాలిపోయింది. ఆ ఖబర్ రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లంకు చేరినప్పుడు, నిద్రపోయే ముందు మంటలు ఆర్పేయమని ఉమ్మత్‌కు హిదాయత్ ఇచ్చారు. ఆ రివాయత్‌లో ఆ ఇంటి ఆడమనిషి ఎవరు, కసూర్ ఎవరిది అనే ముచ్చట లేదు. నేరుగా ఎహతియాత్ గురించే ఉంది. మనకు అమల్ చేయడానికి ఇంతకంటే ఏం కావాలి? రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ ఆపడం ఈ జమానాలో ఆ సున్నత్ మీద అమలే. రంజాన్‌లో సహరీకి సగం నిద్రలో లేచి నేరుగా లైట్ వేసి పొయ్యి వెలిగించకండి. ముందు తలుపు తీయండి, వాసన చూడండి, తర్వాతే వెలుతురు. ఆ పని ఒక్క ఆడవాళ్ళదే కావాలని ఏముంది? సహరీ తినే ప్రతి మగవాడికీ ముక్కుంది.

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చినప్పుడు కనెక్షన్లు మహిళల పేర ఇచ్చారు. 2016లో ఉజ్వల కూడా మహిళల పేరే. 2024 నవంబర్‌లో మొదలైన దీపం-2 కింద రాష్ట్రంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. కార్డు మీద ఆమె పేరుంది, సంతోషం. కానీ పైపు మార్చాలంటే, జెట్ వేయించాలంటే, మెకానిక్‌ను పిలవాలంటే ఆమె ఇంకా ఇజాజత్ అడగాల్సి వస్తోంది. మంగళసూత్రమైనా లచ్ఛా అయినా, మెడలో వేసిన ఇంట్లో ఈ చిన్న ఖర్చుకు ఆమె ఎవరినీ అడగకూడదు. ఒక్క దావత్‌లో పారేసే అన్నం ఖరీదు చేయని పైపు అది.

అందుకే నేను కోరేది ఒక్కటే. ఈసారి సిలిండర్ తొందరగా అయిపోతే ఎవరినీ ఏమీ అనకముందు వంగి మంట రంగు చూడండి. రెండు బర్నర్లనూ పోల్చండి. పైపు తారీఖు చదవండి. ఆమె వాసనొస్తోందంటే పేపర్ పక్కన పెట్టి లేవండి. నుక్స్ దొరికితే మరమ్మత్ చేయించండి. ఇన్నాళ్ళూ వేసిన ఇల్జామ్‌కు మాఫీ కూడా అడగండి. మరమ్మత్‌లో అది కూడా ఒక భాగమే.